గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు?
విమానాల అత్యవసర అవతరణల వెనుక సంగతులు

“విమానం అత్యవసరంగా దిగింది, పెను ప్రమాదం తృటిలో తప్పింది, ప్రయాణికులందరూ క్షేమం.” తెలుగు దినపత్రికలలోనూ, టెలివిజన్ తెర అడుగున పరుగులు తీసే అక్షరాలలోనూ ఈ మూడు వాక్యాలూ విడదీయరాని అన్నదమ్ముల వలె కలిసే కనబడతాయి. ఆ వార్త చూసిన తల్లిదండ్రులు వేళగాని వేళ ఫోను చేసి “మీవాళ్ళు ఎక్కింది ఆ విమానం కాదు కదా?” అని అడగటం ప్రవాసంలో ఉన్న మనలో చాలామందికి అనుభవమే. తీరా విచారిస్తే చక్రాలు దిగాయని తెలిపే పచ్చదీపం వెలగలేదనో, వంటగది దగ్గర ఏదో కమురు వాసన వచ్చిందనో తేలుతుంది. అంత చిన్న లోపానికి అరడజను ఫైరింజన్లు రన్‌వే పక్కన బారులు తీరటం దేనికి? పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం కాదా? ఈ ప్రశ్నకు సమాధానం కొంత భౌతిక శాస్త్రంలోనూ, చాలావరకు రసాయన శాస్త్రంలోనూ ఉంది. రసాయన శాస్త్రం నా వృత్తి కాబట్టి ఆ భాగం మీద కొంచెం ఎక్కువసేపు నిలిస్తే పాఠకులు మన్నింతురుగాక.

ముందుగా మాటల సంగతి. లోకవ్యవహారంలో అత్యవసరమంటే ప్రాణం మీదికి రావటం. విమానయానంలో ఆ మాటకు అర్థం వేరు. నాకు ఇతర విమానాల కంటే ముందు దారి కావాలి, సహాయం సిద్ధంగా ఉండాలి అని పైలట్ కోరటమే అక్కడ అత్యవసరం. ఇందులో రెండు అంతస్తులు ఉన్నాయి. ప్రాణాపాయం కళ్ళెదుట ఉంటే “మేడే” అని మూడుసార్లు రేడియోలో పలుకుతారు. ఇబ్బంది ఉన్నది గాని తక్షణ ప్రాణాపాయం లేదనుకుంటే “పాన్ పాన్” అంటారు. మేడే అన్న మాటను 1920ల్లో లండను దగ్గరి క్రాయిడన్ విమానాశ్రయంలో రేడియో అధికారిగా ఉన్న ఫ్రెడరిక్ మాక్‌ఫర్డ్ ప్రతిపాదించాడు. ఆ రోజుల్లో అక్కడి రాకపోకలు ఎక్కువగా పారిస్‌తోనే. అందుచేత “నాకు సాయపడండి” అనే ఫ్రెంచి పలుకుబడికి దగ్గరగా వినిపించే మాటను ఎంచుకున్నాడు. మే నెలకూ దీనికీ ఏ సంబంధమూ లేదు.

ఈ మాట వినగానే నేల మీద ఉన్న నియంత్రణాధికారి మూడు విషయాలు అడుగుతాడు. లోపం ఏమిటి, విమానంలో ఎందరు ప్రాణులున్నారు, ఎంత ఇంధనం మిగిలి ఉంది. ఇంగ్లీషులో ఇక్కడ “ప్రయాణికులు” అనరు, “ఆత్మలు” అంటారు. పైలట్లు, సిబ్బంది, ఒడిలోని పసిపిల్లలు అందరూ లెక్కలోకి రావాలి గదా! ఆ మూడు జవాబులూ క్షణాలలో అగ్నిమాపక కేంద్రానికి చేరతాయి. అమెరికాలో ఈ హెచ్చరికలకు ఒకటి, రెండు, మూడు అని అంకెలు. చిన్న లోపమైతే మొదటిది, పెద్దదైతే రెండోది, కూలితే మూడోది. బ్రిటను సంప్రదాయాన్ని అనుసరించే దేశాలలో వీటినే “లోకల్ స్టాండ్‌బై”, “ఫుల్ ఎమర్జెన్సీ” వంటి పేర్లతో పిలుస్తారు. మన దేశపు వార్తలలో “ఫుల్ ఎమర్జెన్సీ ప్రకటించారు” అని వచ్చినప్పుడు గుండెలు బాదుకోనక్కరలేదు. బళ్ళన్నీ బయటికి వచ్చి నిలబడ్డాయని మాత్రమే దాని తాత్పర్యం.

ఇక చిన్న లోపానికి ఇంత హంగామా ఎందుకన్న విషయానికి వద్దాం. రెక్కల వెనుక అంచున ఫ్లాపులనే పలకలు ఉంటాయి. దిగే ముందు వాటిని కిందికి దింపితే రెక్క వైశాల్యమూ వంపూ పెరిగి, తక్కువ వేగంలో కూడా విమానం గాలిలో నిలుస్తుంది. ఒకనాడు ఆ ఫ్లాపులు మొరాయించాయనుకుందాం. విమానం ఎగరటానికి ఏ ఆటంకమూ లేదు, ప్రయాణికులకు తేడా కూడా తెలియదు. కాని మామూలు కంటే ఎక్కువ వేగంతో దిగవలసి వస్తుంది. గతిశక్తి వేగపు వర్గంతో పెరుగుతుందని హైస్కూల్లో చదువుకున్నాము. వేగం పాతిక శాతం పెరిగితే శక్తి యాభై ఆరు శాతం పెరుగుతుంది. బోయింగ్ 777 వంటి పెద్ద విమానం 250 టన్నుల బరువుతో, సెకనుకు 75 మీటర్ల వేగంతో నేలను తాకిందనుకుంటే దాని గతిశక్తి 700 మెగాజౌళ్ళు. రెండు వేల లీటర్ల చన్నీళ్ళను మరిగించటానికి సరిపోయే శక్తి అది. ఇందులో కొంత గాలి ఒరిపిడికీ, ఇంజన్లను వెనక్కి ఊదించటానికీ పోతుంది. మిగిలినదంతా అర నిమిషంలో బ్రేకులలో వేడిగా మారి తీరాలి. మామూలు అవతరణకే ఈ లెక్క. ఇక ఫ్లాపులు లేకుండా దిగితే బ్రేకుల గతి ఏమిటో ఊహించుకోవచ్చు. పైకి లేవబోయి చివరి క్షణంలో ఆగిపోయిన విమానానిదీ ఇదే స్థితి. అసలు లోపం ఎంత చిన్నదైనా, దానివల్ల నేల మీద పుట్టే వేడి చిన్నది కాదు. ఫైరింజన్లు ఎదురుచూసేది తరచు ఆ రెండో ప్రమాదం కోసమే.

ఇంధనపు బరువు సంగతీ ఇక్కడే చెప్పాలి. 777-300 ఈ.ఆర్. రకం విమానం సుమారు 351 టన్నుల బరువుతో లేవగలదు, కాని దిగటానికి అనుమతించిన గరిష్ఠ బరువు 251 టన్నులే. మధ్యలో ఉన్న నూరు టన్నులూ దారిలో కాలిపోతాయని దాని రూపకర్తల లెక్క. బయలుదేరిన పది నిమిషాలకే వెనక్కి రావలసి వస్తే ఆ నూరు టన్నులూ ఏం కావాలి? పెద్ద విమానాలలో చాలావాటికి రెక్క చివరల నుంచి ఇంధనాన్ని గాలిలోకి వదిలే ఏర్పాటు ఉంది. తగినంత ఎత్తులో వదిలితే అది సన్నని తుంపరగా విడిపోయి, నేలను చేరేలోగా చాలావరకు ఆవిరైపోతుంది. 2020 జనవరి 14న లాస్ ఏంజెలస్ నుంచి షాంఘై బయలుదేరిన ఒక 777, ఇంజను లోపంతో వెనక్కి వస్తూ తక్కువ ఎత్తులో ఇంధనం వదలటంతో అది బడిపిల్లల నెత్తిన చినుకులై కురిసింది. చిన్న విమానాలైన బోయింగ్ 737, ఎయిర్‌బస్ 320లకు ఈ ఏర్పాటే లేదు. అవి గాలిలో చక్కర్లు కొట్టి ఇంధనాన్ని కాల్చుకోవాలి, లేదా అధిక బరువుతోనే దిగాలి. తొందర నిజంగా ఉంటే పైలట్లు రెండో దారే ఎంచుకుంటారు. తరువాత విమానాన్ని క్షుణ్ణంగా పరీక్షించుకోవచ్చు.

చక్కర్లు కొట్టటానికి ప్రసిద్ధమైన ఉదాహరణ 2005 సెప్టెంబరు 21న జెట్‌బ్లూ సంస్థ విమానానిది. కాలిఫోర్నియాలోని బర్‌బ్యాంక్ నుంచి న్యూయార్కు వెళ్ళవలసిన ఆ ఎయిర్‌బస్ ముందు చక్రం తొంభై డిగ్రీలు అడ్డంగా తిరిగి బిగుసుకుపోయింది. సుమారు మూడు గంటలు గాలిలో తిరిగి, ఇంధనం కాల్చుకొని లాస్ ఏంజెలస్‌లో దిగింది. ప్రతి సీటు వెనుకా టెలివిజన్ ఉండటంతో ప్రయాణికులు తమ విమానం కథను తామే ప్రత్యక్ష ప్రసారంలో చూస్తూ కూర్చున్నారు. ఇటువంటి విడ్డూరం పురాణాలలో కూడా లేదేమో! టైర్లు అరిగి, చక్రపు లోహం రన్‌వేను గీరుకుంటూ నిప్పులు రాల్చింది. ఒక్కరికీ దెబ్బ తగలలేదు.

ఇప్పుడు టైరు లోపలికి తొంగి చూద్దాం. పెద్ద విమానపు టైరులో పీడనం చదరపు అంగుళానికి సుమారు 200 పౌన్లు, అంటే మన కారు టైరుకు ఆరు రెట్లు. బ్రేకు పలకలు ఎర్రగా కాలినప్పుడు ఆ వేడి మెల్లగా చక్రానికి, చక్రం నుంచి టైరుకు పాకుతుంది. విమానం ఆగిన క్షణంలో టైరు ఇంకా చల్లగానే ఉంటుంది. అది మహా వేడెక్కేది పావుగంట, ఇరవై నిమిషాల తరువాత. అంతా సవ్యంగా దిగినా ఫైరింజన్లు వెంటనే కదలక విమానం చుట్టూ కాపు కాయటానికి కారణం ఇది. వేడి శ్రుతిమించితే టైరు బాంబులా పేలకుండా చక్రంలో చిన్న చిన్న బిరడాలు అమర్చి ఉంటాయి. ఇవి రెండు వందల డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా కరిగే మిశ్రలోహంతో చేసినవి. అవి కరిగితే గాలి బుస్సుమని పోతుంది, టైరు చదునవుతుంది, పేలుడు తప్పుతుంది. అగ్నిమాపక సిబ్బంది మాత్రం బిరడాను నమ్ముకోరు. వేడెక్కిన చక్రం దగ్గరికి ఎప్పుడూ ముందు నుంచో వెనుక నుంచో వెళతారు. పేలితే ముక్కలు ఇరుసు దిశగా పక్కలకు చిమ్ముతాయి కాబట్టి ఆ వైపు అడుగు పెట్టరు.

నేను “గాలి” అన్నాను గాని విమానపు టైర్లలో ఉండేది నత్రజని. ఇది ఊరికే వచ్చిన ఆచారం కాదు. 1986 మార్చి 31న మెక్సికో నగరం నుంచి లేచిన మెహికానా సంస్థ బోయింగ్ 727 లో ఒక బ్రేకు వేడెక్కింది, ఆ చక్రపు టైరులో నత్రజనికి బదులు మామూలు గాలి నింపి ఉంది. అధిక వేడిలో రబ్బరు విచ్ఛిన్నమై మండే స్వభావం గల హైడ్రోకార్బన్ ఆవిర్లు వెలువడతాయి. మామూలు గాలిలో అయిదోవంతు ఆమ్లజని. ఇంధనమూ, ఆమ్లజనీ, వేడీ మూడూ మూసిన పాత్రలో కలిస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా? టైరు గాలిలోనే పేలింది. ఆ విస్ఫోటనం ఇంధనపు గొట్టాలనూ ఇతర వ్యవస్థలనూ తెంచింది. 167 మంది మరణించారు. ఆ తరువాత పెద్ద విమానాల టైర్లలో ఆమ్లజని అయిదు శాతానికి మించరాదన్న నిబంధన వచ్చింది. విద్యార్థులకు దహనం గురించి పాఠం చెప్పేవారెవరైనా ఉంటే ఇంతకంటె మంచి ఉదాహరణ, ఇంతకంటె విషాదమైనది, దొరకదు.

నిప్పు లేనిదే పొగ రాదు?

ఈ సామెత విమానం విషయంలో తరచు తప్పుతుంది. చక్రాలనూ ఫ్లాపులనూ కదిలించే హైడ్రాలిక్ ద్రవం మామూలు నూనె కాదు, ఫాస్ఫేట్ ఎస్టర్ల మిశ్రమం. ఊదారంగులో ఉంటుంది. సులభంగా అంటుకోదన్న గుణం చూసే దీన్ని ఎంచుకున్నారు. కాని గొట్టంలో సూదిమొనంత రంధ్రం పడితే అధిక పీడనానికి మంచులా చిమ్ముతుంది. కాలిన బ్రేకు మీద పడితే తెల్లని దట్టమైన పొగ వస్తుంది, కళ్ళు మండుతాయి. చూసేవారికి అగ్నిప్రమాదమే. అలాగే ఇంజనులోని సీలు చెడి కందెన నూనె కొద్దిగా కారితే, చాలా విమానాలలో లోపలి గాలి ఇంజను కంప్రెసరు నుంచే వస్తుంది కాబట్టి, క్యాబిన్ అంతా మాసిన సాక్సుల కంపు కొడుతుంది. ఆ నూనెలో ట్రైక్రెసిల్ ఫాస్ఫేట్ వంటి పదార్థాలు ఉండటం వల్ల పైలట్లు ఈ కంపును తేలికగా తీసుకోరు, ముక్కుకు మాస్కు తగిలించుకొని దగ్గరి విమానాశ్రయానికి దారి మళ్ళిస్తారు. సామాను గదిలోని పొగ సూచికలు కాంతి చెదరటాన్ని బట్టి పనిచేస్తాయి. వాటికి పొగకూ, ధూళికీ, పండ్లూ కూరగాయల బుట్టల నుంచి లేచే తేమకూ భేదం తెలియదు. ఉత్తుత్తి హెచ్చరికలు ఈ కారణంగానే వస్తాయి.

అయితే గాలిలో ఉన్న పైలట్ సామాను గదిలోకి వెళ్ళి చూసి రాలేడు. తాడో పామో తేల్చుకునే వీలు లేనప్పుడు దాన్ని పాముగానే ఎంచాలి. ఈ వివేకం ఎన్ని ప్రాణాలు పోస్తే వచ్చిందో నాలుగు సంఘటనలు చెబుతాయి.

1980 ఆగస్టు 19న రియాద్ నుంచి లేచిన సౌదియా సంస్థ ట్రైస్టార్ విమానంలో కొద్ది నిమిషాలకే సామాను గదిలో పొగ హెచ్చరిక వచ్చింది. పైలట్లు వెనక్కి తిప్పి, విమానాన్ని చెక్కుచెదరకుండా రన్‌వే మీద దించారు. కాని వెంటనే ఆపి ప్రయాణికులను దింపలేదు. విమానం దొర్లుతూ పక్కదారిలోకి వెళ్ళి ఆగింది, ఆగిన తరువాత కూడా ఇంజన్లు కొన్ని నిమిషాలు తిరుగుతూనే ఉన్నాయి. బయటి నుంచి తలుపు తెరవటానికి ఇరవై నిమిషాలకు పైగా పట్టింది. అప్పటికి లోపలి 301 మందిలో ఒక్కరూ మిగల్లేదు. నేల మీదికి క్షేమంగా చేరిన విమానం అది! మూడేళ్ళ తరువాత, 1983 జూన్ 2న, ఎయిర్ కెనడా డి.సి.-9 లో వెనుక మరుగుదొడ్డి దగ్గర పొగ వచ్చింది. సిన్‌సినాటీలో దిగి తలుపులు తెరిచిన ఒకటి ఒకటిన్నర నిమిషంలో, లోనికి వచ్చిన తాజా గాలితో క్యాబిన్ మొత్తం ఒక్కసారి భగ్గుమంది. 46 మందిలో 23 మంది బయటపడలేదు. మరుగుదొడ్లలో పొగ సూచికలూ, పొగలో పాకుతూ పోయేవారికి దారి చూపే నేలదీపాలూ ఆ సంఘటన తరువాతే నిబంధనలలోకి వచ్చాయి.

1985 ఆగస్టు 22న మాంచెస్టర్‌లో జరిగినది మన విషయానికి మరీ దగ్గరిది. కార్ఫూ ద్వీపానికి సెలవులకు పోతున్న బోయింగ్ 737 పరుగు తీస్తుండగా ధడేలుమని శబ్దం వచ్చింది. టైరు పేలిందో, పక్షి తగిలిందో అనుకొని పైలట్ విమానాన్ని నెమ్మదిగా ఆపి, రన్‌వే ఖాళీ చేద్దామని పక్కకు తిప్పాడు. నిజానికి ఎడమ ఇంజనులో ఒక భాగం పగిలి రెక్కలోని ఇంధనపు తొట్టికి కన్నం పెట్టింది. ఆనాటి పిల్లగాలి మంటలను విమానం మీదికే తోసింది. నిమిషం తిరగకుండానే మంట అల్యూమినియం తొడుగును కరిగించుకొని లోపలికి వచ్చింది. 137 మందిలో 55 మంది చనిపోయారు. అధికసంఖ్యాకుల ప్రాణం తీసింది మంట కాదు, పొగ. సీట్లలోని పాలియురిథేన్ నురుగు, గోడల ప్లాస్టిక్కులు కాలితే కార్బన్ మోనాక్సైడుతో పాటు హైడ్రోజన్ సయనైడు వెలువడుతుంది. మొదటిది రక్తం ఆమ్లజనిని మోయకుండా చేస్తుంది, రెండోది మోసుకొచ్చిన ఆమ్లజనిని కణాలు వాడుకోకుండా చేస్తుంది. రెండూ కలిస్తే నాలుగు శ్వాసలలోనే మనిషి తెలివి తప్పవచ్చు. ఈనాడు సీటు మెత్తల చుట్టూ మంటను ఆపే పొర, గోడలకు తక్కువ పొగ ఇచ్చే ఫినాలిక్ రెజిన్లు, ఉష్ణ విడుదలకు గట్టి పరిమితులు ఉన్నాయంటే 1980ల నాటి ఇటువంటి మరణాల ఫలితమే.

నాలుగోది 1998 సెప్టెంబరు 2 నాటి స్విస్ఎయిర్ ఎం.డి.-11. న్యూయార్కు నుంచి జెనీవాకు పోతుండగా పైలట్లకు ఏదో వాసన తగిలింది. మొదట “పాన్ పాన్” అని మాత్రమే అన్నారు. ఇరవై నిమిషాల ప్రాంతంలో విమానం నోవా స్కోషియా తీరాన సముద్రంలో కూలి 229 మందీ మరణించారు. పైకప్పు మీది ఉష్ణనిరోధక దుప్పట్లకు తొడిగిన లోహపు పూత గల పాలిథిలీన్ టెరిఫ్తలేట్ పొర మంటను పాకించిందని దర్యాప్తులో తేలింది. ఆ పొర ఆనాటి పరీక్షలో నెగ్గినదే! పరీక్షే చాలనిది. వాసన తెలిసిన మరుక్షణం కిందికి దిగటం మొదలుపెట్టినా ఆ విమానం అందుకోగలిగేది కాదని దర్యాప్తు సంఘం తేల్చింది. అయినా పొగ వాసన వస్తే ఇక మీనమేషాలు లెక్కించరాదన్న పాఠం పైలట్లందరికీ అప్పటినుంచి వంటబట్టింది.

నిమిషాల లెక్క

మంట విమానపు తొడుగును ఛేదించటానికి నిమిషమో రెండు నిమిషాలో చాలు కాబట్టి అగ్నిమాపక దళానికి ఇచ్చే గడువూ అంతే. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ప్రమాణం ప్రకారం రన్‌వేలో ఏ కొసకైనా మూడు నిమిషాలలో చేరాలి, రెండు నిమిషాలలో చేరగలిగితే మేలు. అమెరికా నిబంధన ప్రకారం మొదటి బండి అత్యంత దూరపు రన్‌వే నడిమికి మూడు నిమిషాలలో చేరి నురగ చిమ్మటం మొదలుపెట్టాలి. ఊరి ఫైరింజను ఈ పనికి చాలదు. విమానాశ్రయపు బండి గంటకు నూరు కిలోమీటర్లకు మించిన వేగంతో పరుగెత్తాలి, గడ్డినేల మీద కూడా పోగలగాలి, కదులుతూనే పైకప్పు మీది ఫిరంగి నుంచి నీళ్ళు చిమ్మగలగాలి. వచ్చే విమానపు పొడవు, వెడల్పులను బట్టి విమానాశ్రయాలకు ఒకటి నుంచి పది వరకు శ్రేణులు ఉన్నాయి. ఎయిర్‌బస్ 380 దిగే పదో శ్రేణికి, వాడే నురగ సామర్థ్యాన్ని బట్టి, 32,300 లీటర్ల నీరు, కనీసం మూడు బళ్ళు ఉండాలని ఒక లెక్క. ఈ బళ్ళన్నీ ఒక విమానం దగ్గర చిక్కుకుపోతే విమానాశ్రయపు శ్రేణి పడిపోతుంది, మిగిలిన పెద్ద విమానాలు దిగకూడదు. ఒక్క విమానం ఆగితే మొత్తం విమానాశ్రయం ఎందుకు స్తంభించిపోయిందా అని విసుక్కునేవారికి ఇది ఒక జవాబు.

కిరసనాయిలు జాతికి చెందిన జెట్ ఇంధనం మంటను నీళ్ళతో ఆర్పలేము. నూనె తేలుతుంది, నీరు అడుగుకు పోతుంది. ఇక్కడ నురగ కావాలి. యాభై ఏళ్ళకు పైగా ప్రపంచమంతా వాడినది అమెరికా నౌకాదళ పరిశోధనాలయం 1960లలో త్రీఎమ్ సంస్థతో కలిసి రూపొందించిన నురగ. అందులోని ఫ్లోరిన్ గల సబ్బుజాతి అణువులు నీటి తలతన్యతను నాలుగోవంతుకు దింపేస్తాయి. కిరసనాయిలు తలతన్యత కంటే కూడా అది తక్కువ. దాంతో నీరు నూనె మీద పలుచని పొరగా దానంతట అదే పరుచుకొని ఆవిరిని పైకి రానివ్వదు. తేలే నూనె మీద నీటిని తేలించటం! రసాయన శాస్త్రజ్ఞుడిగా ఆ ఉపాయానికి నేను ఇప్పటికీ ముచ్చట పడతాను.

కాని కర్బనానికీ ఫ్లోరిన్‌కూ మధ్య బంధం ప్రకృతిలో ఏ సూక్ష్మజీవీ సులువుగా తెంచలేనిది. ఏళ్ళ తరబడి సాధన కోసం, పరీక్షల కోసం నేల మీద చిమ్మిన నురగ భూగర్భజలాలలోకి దిగింది. విమానాశ్రయాల, సైనిక స్థావరాల చుట్టుపక్కల బావులలో ఈ పదార్థాలు బయటపడ్డాయి. త్రీఎమ్ వీటిలో ముఖ్యమైనదాన్ని మానేస్తున్నట్లు 2000లో ప్రకటించింది. 2024 ఏప్రిల్‌లో అమెరికా పర్యావరణ సంస్థ తాగునీటిలో ఇటువంటి రెండు పదార్థాలకు పెట్టిన పరిమితి ట్రిలియనుకు నాలుగు భాగాలు. ఫ్లోరిన్ లేని నురగలు వచ్చాయి, హీత్రో వంటి విమానాశ్రయాలు ముందే వాటికి మారాయి. అమెరికాలో 2018లో చట్టసభ దారి తెరిచింది, 2023 జనవరిలో సైన్యం కొత్త నురగకు ప్రమాణం ప్రకటించింది. కొత్త నురగ పొరను పరచదు, దట్టమైన బుడగల దుప్పటితోనే మంటను కప్పాలి. ఆ దుప్పటి చిరగకుండా మెల్లగా వేయటం సిబ్బంది కొత్తగా నేర్చుకోవలసిన విద్య. చిన్న లోపాలకు ఊరికే నురగ చిమ్మే అలవాటు పోవటానికి ఇదీ ఒక కారణం. బళ్ళు వస్తాయి, చూస్తాయి, ఒక చుక్క కూడా చిమ్మకుండా వెనక్కి పోతాయి.

చూడటమే వాటి అసలు పని. కాక్‌పిట్‌లో కూర్చున్నవారికి తమ చక్రాలు కనబడవు. అగ్నిమాపక అధికారి వేడిని పసిగట్టే కెమెరాతో విమానం చుట్టూ చూసి, నేరుగా పైలట్‌తో రేడియోలో మాట్లాడి “మంట లేదు, పొగ లేదు, ఎడమ బ్రేకులు వేడిగా ఉన్నాయి” అని చెబుతాడు. ఆ ఒక్క మాట మీద ఆధారపడి జారుడుబల్లలు విప్పాలా వద్దా అని పైలట్ నిర్ణయిస్తాడు. జారుడుబల్లల మీద దిగటం పిల్లల ఆట కాదు. చీలమండలు బెణుకుతాయి, పెద్దవారికి ఎముకలు విరుగుతాయి. అందుకే మంట లేదని తెలిస్తే “మీ సీట్లలోనే ఉండండి” అంటారు. కిటికీలోంచి అన్ని ఎర్రదీపాలు కనబడుతుంటే కూర్చోమంటారేమిటని కోపం తెచ్చుకోనక్కరలేదు.

దిగమని చెబితే మాత్రం ఆలస్యం పనికిరాదు. సగం తలుపులు మూసి ఉన్నా తొంభై సెకన్లలో అందరూ బయటపడగలరని నిరూపించితేనే కొత్త విమానానికి అనుమతి వస్తుంది. 2006 మార్చిలో హాంబర్గ్‌లో ఎయిర్‌బస్ 380 నుంచి 873 మంది 78 సెకన్లలో దిగారు. అయితే వారి చేతిలో సంచులు లేవు, వారికి భయమూ లేదు. మాంచెస్టర్ దుర్ఘటన తరువాత క్రాన్‌ఫీల్డ్‌లో హెలెన్ మ్యూర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు ఒక చిత్రమైన ప్రయోగం చేసింది. ముందు దిగిన సగం మందికి తలకు అయిదు పౌన్ల బహుమతి అని ప్రకటించింది. మర్యాదస్థులైన జనం సీట్ల మీదుగా ఎగబాకి, రెక్క మీది తలుపు దగ్గర ఒకరి మీద ఒకరు పడి దారి మూసేశారు. అయిదు పౌన్లకే అంత తొక్కిడి!

2016 ఆగస్టు 3న తిరువనంతపురం నుంచి దుబాయి చేరిన ఎమిరేట్స్ 777 రన్‌వే మీద పడి అంటుకుంది. చాలామంది మన దేశస్థులే ఉన్న ఆ విమానంలో కొందరు పైఅరల నుంచి సంచులు దించుకుంటున్న దృశ్యాలు ప్రపంచమంతా చూసింది. 300 మందీ బయటపడ్డారు గాని, ఆగిన తొమ్మిది నిమిషాలకు నడిమి ఇంధనపు తొట్టి పేలి జాసిమ్ ఇసా అల్ బలూషీ అనే అగ్నిమాపక యోధుడు ప్రాణాలు కోల్పోయాడు. 2024 జనవరి 2న టోక్యోలోని హనేదాలో తీరరక్షక దళపు చిన్న విమానాన్ని ఢీకొన్న జపాన్ ఎయిర్‌లైన్స్ ఎయిర్‌బస్ 350 పూర్తిగా కాలి బూడిదైంది. చిన్న విమానంలో అయిదుగురు మరణించారు. పెద్ద విమానంలోని 379 మందీ బతికారు. ఎనిమిది తలుపులలో మూడే పనికొచ్చాయి, మైకులు పనిచేయలేదు, సిబ్బంది గొంతెత్తి అరిచారు. జనం సంచులు వదిలేసి కదిలారు.

మన ఇళ్ళకు వచ్చిపోయే తల్లిదండ్రుల సంగతి ఆలోచించినప్పుడు నాకు బెంగగా ఉండేది ఈ చోటే. ఇంగ్లీషులో అరిచే ఆజ్ఞలు వారికి అర్థం కావు. చేతిసంచిలో మనవరాలి గొలుసు, పాస్‌పోర్టు, బి.పి. మాత్రలు ఉంటాయి. వాటిని వదలమంటే చేతులు రావు. బతికి ఉంటే బలుసాకు తినవచ్చునన్న సామెత తెలిసినవారే గాని ఆ క్షణంలో గుర్తుకు రాదు. విమానాశ్రయానికి తీసుకువెళ్ళే కారులోనే వారికి తెలుగులో చెప్పవచ్చు. పాస్‌పోర్టూ మాత్రలూ ఒంటి మీద ఉండే చిన్న సంచిలో వేసి, విమానం లేచేటప్పుడూ దిగేటప్పుడూ మెడకో నడుముకో కట్టుకొని ఉండాలి. కూర్చోగానే ముందువైపూ వెనుకవైపూ తలుపు దాకా ఎన్ని వరుసలున్నాయో వేళ్ళ మీద లెక్కపెట్టుకోవాలి. పొగలో కళ్ళు కనబడకపోయినా చెయ్యి సీట్లను లెక్కపెట్టగలదు. అమ్మ చీర కట్టుకుంటే కుచ్చెళ్ళు పైకి దోపుకోవాలి, చెప్పులకు మడమలు ఉండకూడదు. చక్రాల కుర్చీ మీద విమానం దాకా వచ్చినవారికి జారుడుబల్ల దగ్గర ఆ కుర్చీ ఉండదు. కాబట్టి ఎక్కగానే సిబ్బందికి చెప్పి, దిగవలసి వస్తే తమకు చెయ్యి అందించేది ఎవరో సైగలతోనైనా అడిగి తెలుసుకోవాలి. ఆ ప్రశ్నను ఇంగ్లీషులో ఒక కాగితం మీద రాసి టికెట్టుతో పాటు ఇచ్చి పంపితే మరీ మంచిది.